కుడి సీటు

నా చేతులకి పని లేదు.
తొడల కింద దాచుకుని కూర్చోవడమే వాటి ఉద్యోగం.
ముప్పై నాలుగేళ్లుగా ఇందుకే జీతం.

ఎడమ సీట్లో బొగొమీర్. పళ్ల డాక్టరు, యాభై మూడేళ్లు,
తనకి తాను కొనుక్కున్న మొదటి బొమ్మ ఈ విమానం.
ఇంకా సోఫాల కొట్టు వాసన వేస్తోంది.
రెండు స్క్రీన్లు. పైన నీలం, కింద గోధుమ,
అసలు ఆకాశం కన్నా ఒక పూత ఎక్కువ నీలం.
వేగానికో పట్టీ, ఎత్తుకో పట్టీ,
మా ఊపిరికి తప్ప అన్నిటికీ ఒక అంకె.
ఆ అంకెల్ని ఆయన ఎక్స్‌రే చూసినట్టు చూస్తాడు,
ఎక్కడో పుచ్చు దొరక్కపోదని.

"బయట చూడండి" అంటాను.

బయట విపావా లోయ. ద్రాక్షతోటలు.
బుర్యా గాలికి లేచిపోకుండా
పెంకుల మీద రాళ్లు పేర్చుకున్న ఇళ్లు.
ఇక్కడ గాలికి ఎంత మర్యాద ఇవ్వాలో
ఆ రాళ్ల బరువే చెబుతుంది.
స్క్రీన్లో కొండలున్నాయి, రోడ్లున్నాయి,
ఆ రాళ్లు లేవు.

నేను నేర్చుకున్నది గుడ్డ రెక్కల విమానంలో.
ఒక దిక్సూచి, ఒక గడియారం, అదీ ఆగిపోయింది.
మా మాస్టారు ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే
"జారుతున్నావు" అనేవాడు.
నడుముతో వినడం అలా వచ్చింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి.
ఈ కొత్తదాంట్లో నాకూ అరవై గంటలే.
రాత్రుళ్లు వంటింట్లో మాన్యువల్ తెరిచి
వెల్లుల్లి ఒలుస్తూ
ఏ బటన్ తర్వాత ఏ బటనో మరిచి
మళ్లీ మొదటి పేజీ.
గురువు ఒక పాఠం ముందుంటే చాలంటారు.
కొన్ని ఉదయాలు నేను
అర పేజీ మాత్రమే ముందున్నాను.

అందుకే ఇవాళ కేకు డబ్బా అట్టముక్క తెచ్చి
ఆయన స్క్రీన్ మూసేశాను.
మెడ వెనక చెమట.
"వేగం ఎంత?"
"నన్నడగకండి. వినండి."
చాలాసేపు ఇంజను ఒక్కటే మాట్లాడింది.
తర్వాత, "తలుపు అంచున ఈల సన్నబడింది.
మనం నెమ్మదించాం" అన్నాడు.
సరిగ్గానే.
నాకు ఎంత సంతోషమేసిందంటే
అక్కణ్ణించి నోరు మూయలేదు.

రన్‌వే వైపు తిరిగాం. పక్క నుంచి గాలి తోస్తోంది.
అట్ట తీసేశాను. గాలిసంచీ గురించి చెప్పాను,
రెక్క ఎటు వంచాలో చెప్పాను, పాదం గురించి చెప్పాను,
మా మాస్టారు ఒకసారి ద్రాక్షతోటలో దిగిన కథ చెప్పాను.
నా కథ ఆయన చెక్‌లిస్టును మధ్యలో తెంపింది.
థ్రాటిల్ ఇంకా తగ్గలేదు,
హారన్ మోగే వేళ కాలేదు.

"చక్రాలు" అన్నాడు.

రోగితో "కాస్త నోరు తెరవండి" అన్నంత మెల్లగా.
అప్పటికే ఆయన చెయ్యి లివర్ మీద ఉంది.
నేల కింద మూడు చప్పుళ్లు.
మూడు పచ్చ దీపాలు, ఒకటి కొంచెం ఆలస్యంగా.

నా చేతులు తొడల కింద లేవు.
ఎప్పుడు బయటికొచ్చాయో,
గాల్లో, దేన్నీ పట్టుకోకుండా.

ఒక చక్రం ముందు తాకింది, తర్వాత రెండోది,
ముక్కు చివర్న, అయిష్టంగా.

లాగ్‌బుక్‌లో "పక్కగాలిలో దిగడం, ఫర్వాలేదు" అని రాసి
సంతకం పెట్టాను.
ఎవరు ఫర్వాలేదో రాసే గడి అందులో లేదు.

హ్యాంగర్ తలుపు చెరో వైపు లాగుతుంటే అన్నాడు:
"మిల్వానా, మూడు వారాలుగా మీరు
కుడివైపే నములుతున్నారు.
గురువారం రండి."

వెళ్తాను.
ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో
ఆయన్నే అడుగుతాను.